మా ఇంటి పేషీ

ఆ సీరియల్‌లో మా మామయ్యగారికి మొట్టమొదట నచ్చనిది గుమ్మం దగ్గర అటెండరు లేకపోవడం.

“దేశాధ్యక్షుడి ఆఫీసంటున్నారు. ఎవడు పడితే వాడు తలుపు తోసుకుని పోతున్నాడు. చీటీ పంపేది లేదా?” అన్నారు, రిమోట్ నొక్కి బొమ్మ ఆపేసి.

“ఇది అమెరికా తాతయ్యా. చీటీ ఉండదు,” అంది మా అమ్మాయి.

“అమెరికా అయితే మాత్రం? పేషీ పేషీయే కదమ్మా.”

ఆ మాట అనే హక్కు ఆయనకుంది. హైదరాబాదు సెక్రటేరియట్‌లో ముప్పై ఏళ్లు మంత్రుల పేషీల్లోనే పనిచేశారు. స్టెనోగా చేరి పి.ఎ.గా రిటైరయ్యారు. మంత్రులు మారారు, పార్టీలు మారాయి. ఎవరొచ్చినా ‘ఆ ముసలాయన్ని మాత్రం కదపకండి’ అనేవారట. ముసలాయన అనిపించుకునేటప్పటికి ఆయనకి నలభై రెండేళ్లు. నోరు విప్పని మనిషి, అదీ ఆయన అర్హత. మా అత్తగారు పోయాక మా దగ్గరికి, మిషిగన్‌లోని ట్రాయ్‌కి వచ్చేశారు.

వచ్చి ఆరేళ్లయినా ఇక్కడి ఇంగ్లీషు ఆయనకి చదవడం వచ్చుగాని వినడం రాలేదు. ఆయన ఇంగ్లీషులో నోట్ రాస్తే పై అధికారులు కామా కూడా మార్చేవారు కాదట. కానీ చెవికి మిషను, ఎదుటివాళ్లది ముక్కుతో మాట్లాడే యాస. సరుకుల షాపులో కౌంటరు పిల్ల సంచీ కావాలా అని అడిగినా నా మొహం చూసేవారు. అందుకని టీవీలో ఏది చూసినా కింద అక్షరాలు పడాలి. ఒక్కో వాక్యం దగ్గర ఆపి, చదివి, బాగాలేకపోతే పైకే దిద్ది, అప్పుడు ముందుకి పోనిచ్చేవారు. ముప్పావుగంట ఎపిసోడ్ మా ఇంట్లో గంటన్నర ఆడేది.

ఆ రోజు పెట్టింది మా అమ్మాయి. పదకొండో తరగతి చదువుతోంది. గవర్నమెంట్ క్లాసు టీచరు ఆ ఎపిసోడ్ చూసి రెండు పేజీలు రాసుకురమ్మందట. కథ ఇది: అధ్యక్షుడికి మెదడులో ఏదో జబ్బు. పరీక్షల కాగితం ముందు ఆయన సిబ్బంది చేతికి వస్తుంది. ఆయన మాత్రం మామూలుగా సంతకాలు పెడుతూ, కాఫీ తాగుతూ, మధ్యమధ్య ఒక మాట మరిచిపోతూ ఉంటాడు. సిబ్బంది తలుపులు వేసుకుని కొట్టుకుంటారు. ఆయనకి ఎవరు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, ఈ వారం ఓటింగయ్యాక చెబితే కొంప మునుగుతుందా? ఎపిసోడంతా ఇదే గొడవ.

నేను వంటింట్లో పోపు పెడుతూ చెవి ఇటు పడేశాను. బయట మంచు పడుతున్నా నాకు చెమట పట్టింది. ఎందుకంటే అప్పటికి మామయ్యగారికి ఊపిరితిత్తుల్లో కాన్సర్ అని మా ఇంట్లో ముగ్గురికి తెలిసి ఐదు వారాలు. నాలుగో మనిషికి తెలియదని మా నమ్మకం.

ఆయనకి మేం చెప్పిన పేరు నిమ్ము. చలిదేశం కదా, ఊపిరితిత్తులకి నిమ్ము చేసింది, మందులు వాడితే తగ్గుతుందని చెప్పాం. ఈ నిర్ణయం మా ఆయనది. తప్పంతా ఆయన మీదికి తోసెయ్యడానికి చెప్పడం లేదు, నేనూ తలూపాను. మా అత్తగారికి ఒక డాక్టరు స్కాను చూస్తూనే మొహం మీద చెప్పేశాడు. ఆవిడ ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. మూడు వారాల్లో పోయింది. జబ్బుతో కాదు, ఆ మాటతో పోయిందని మా ఆయన ఇప్పటికీ అంటారు.

“నాన్నకి చెప్తే సేమ్ థింగ్ అవుతుంది. డాక్టర్ వన్ ఇయర్ అంటోంది. ఆ ఇయరన్నా ప్రశాంతంగా ఉండనీ,” అన్నారు.

మొదటి అపాయింట్‌మెంట్‌లోనే నర్సు ఒక ఫోను తెచ్చి బల్ల మీద పెట్టింది. తెలుగు ఇంటర్‌ప్రెటర్ లైన్‌లోకి వస్తారు, కలపనా అని అడిగింది. మనింట్లో మాట మనం చెప్పుకోవడానికి ఊరూ పేరూ తెలియనివాడెందుకు? అక్కర్లేదు, నేను చెప్తాను అన్నాను. ఇంటర్‌ప్రెటర్ వద్దు, కుటుంబసభ్యులే అనువదిస్తారు అని ఒక కాగితం ఇచ్చింది. మామయ్యగారు దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివి, కళ్లజోడు పైనుంచి నన్నొకసారి చూసి, సంతకం పెట్టారు. కింద నేనూ పెట్టాను. కాన్సర్ అనే మాట మాత్రం ఏ యాసలో అన్నా తెలిసిపోతుంది కాబట్టి, మా ఆయన డాక్టరుని వరండాలోకి పిలిచి ఆ మాట వాడొద్దని బతిమాలారు. ఆవిడ ఇబ్బందిపడింది. ‘ఆయన నన్ను అడిగితే మాత్రం అబద్ధం చెప్పను’ అంది. ఆయన అడగలేదు.

నా ఉద్యోగం కార్ల బ్రేకుల సాఫ్ట్‌వేర్ పరీక్షించడం. ఆధారం లేకుండా ఎవరైనా ‘పాస్’ అని రాస్తే రిపోర్టు వెనక్కి కొట్టే మనిషిని. అలాంటిదాన్ని ట్యాబ్లెట్ డబ్బా మీది లేబులు గోరుతో గీకి, లోపలి కాగితం ఉండచుట్టి చెత్తబుట్టలో వేసి, రోజూ పొద్దున్నే ‘నిమ్ము మందు మామయ్యగారూ’ అని నీళ్లతో అందించేదాన్ని. సిగ్గుగా ఉండేది. సిగ్గుపడుతూనే ఇచ్చేదాన్ని.

మా అమ్మాయి ఒక్కతే ఎదురు తిరిగింది. “హీ ఈజ్ ది పేషెంట్, అమ్మా. మనం కాదు.”

“నువ్వు గనక తాతయ్యకి చెప్పావంటే నేను ఊరుకోను.”

అది చెప్పలేదు. ఈ ఎపిసోడ్ పెట్టింది. హోంవర్కే, కాదనను. కానీ దాని గదిలో లాప్‌టాప్ ఉంది, ఎప్పుడూ అందులోనే చూస్తుంది. తాతయ్యని పిలిచి, అక్షరాలు పెట్టి, రిమోట్ ఆయన చేతికిచ్చి హోంవర్కు చేసుకోవడం ఆ రోజే మొదలు.

“ఇప్పటికి ఎంతమందికి తెలుసు?” అన్నారాయన మళ్లీ బొమ్మ ఆపి.

“లెవెన్, తాతయ్యా. నేను కౌంట్ చేశాను.”

“పదకొండు మందికి తెలిసింది పన్నెండోవాడికి తెలియదా? వాడేం వెర్రివాడు కాదే, దేశం ఏలుతున్నాడు. వాళ్ల మొహాలు చూస్తే తెలియదూ?”

నా పోపులో ఆవాలు మాడిపోయాయి.

ఇంకో పావుగంట ఎపిసోడ్ ఉందనగా దగ్గు మొదలైంది. మామూలు దగ్గే అనుకున్నాం. ఆగలేదు. చేతిరుమాలు ఎర్రగా అయింది. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచబోతుంటే మా అమ్మాయి చూసి అరిచింది. మా ఆయన ఆఫీసునుంచి వచ్చేలోపు మామయ్యగారికి స్వెట్టరు మీద కోటు తొడిగి కారులో కూర్చోబెట్టాను. ఆస్పత్రి పదిహేను నిమిషాలు. దారిలో ఆయన అడిగింది ఒక్కటే.

“చివరికి ఆయనకి చెప్తారా?”

“ఇంటికొచ్చాక చూద్దాం మామయ్యగారూ,” అన్నాను. ఆయన మళ్లీ ఇంటికి రాలేదు.

ఆస్పత్రి గదిలో మంచానికి ఎదురుగా గోడకి ఒక తెల్లబోర్డు ఉండేది. నర్సు పేరు, తేదీ, ఈరోజు ఏ డాక్టర్లు వస్తారు, ఈరోజు ఏం చేస్తారు అన్నీ దాని మీద రాస్తారు. కాన్సర్ డాక్టరు వస్తారని ఒక లైనులో ఉండేది. ఆయన నిద్ర లేవకముందే వెళ్లి, టిష్యూతో ఆ లైను తుడిచేసేదాన్ని. మర్నాడు నర్సు మళ్లీ రాసేది. నేను మళ్లీ తుడిచేదాన్ని. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమంటే ఇదే.

ఇంకో పని కూడా నా నెత్తినే పడింది. బంధువులు నలభై మంది ఉన్న ఫోను గ్రూపులో రోజూ సాయంత్రం మామయ్యగారి సంగతి రాయాలి. వాళ్లకీ నిమ్మనే చెప్పాం. ఒకరికి తెలిస్తే అందరికీ తెలుస్తుంది, అందరికీ తెలిస్తే ఎవరో ఒకరు ఆయనకే ఫోన్ చేసి ఏడుస్తారు. ‘ఈరోజు ఆయాసం కొంచెం తగ్గింది. కోలుకుంటున్నారు.’ అలా రాసి పంపేదాన్ని. చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడేవి.

మూడో రోజు మధ్యాహ్నం వార్డు డాక్టరు వచ్చాడు. చిన్న వయసు, మొహానికి మాస్కు. కుర్చీ లాక్కుని కూర్చుని, మామయ్యగారి కళ్లలోకే చూస్తూ నెమ్మదిగా అడిగాడు. ఊపిరితిత్తులు బలహీనపడుతున్నాయి. సొంతంగా ఊపిరి తీసుకోలేని పరిస్థితి వస్తే గొంతులోకి గొట్టం వేసి మిషను మీద పెట్టమంటారా, లేక గొట్టం వద్దు, బాధ లేకుండా మందులిచ్చి చూసుకోమంటారా? గొట్టం వేస్తే మళ్లీ తీయగలిగే అవకాశం చాలా తక్కువ. ఇది మీరే చెప్పాలి, అన్నాడు.

మామయ్యగారు ఆ మాస్కు వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు. మంచం అవతల నిలబడ్డ మా ఆయన నాకు మాత్రమే కనిపించేట్టు తల అడ్డంగా ఊపారు.

“ఆయాసం ఎక్కువైతే అవసరమైన వైద్యమంతా చెయ్యొచ్చా అని అడుగుతున్నారు మామయ్యగారూ,” అన్నాను.

“అదేం ప్రశ్నమ్మా? చెయ్యమను,” అన్నారు. ఇంతసేపు కూర్చుని అడిగింది ఇదా అన్నట్టు చిన్నగా నవ్వారు కూడా.

“హీ వాంట్స్ ఎవ్రీథింగ్ డన్,” అన్నాను డాక్టరుతో.

ఆయనకి అర్థమైందా అని డాక్టరు ఇంకోసారి అడిగాడు. అయింది అన్నాను. రాసుకుని వెళ్లిపోయాడు.

ఎదురుగా బోర్డు ఉంది. దాని కింద మార్కరు ఉంది. ఆ ప్రశ్నని నాలుగు లైన్ల ఇంగ్లీషులో రాసి చూపిస్తే ఆయన చదువుకుని, కామా దిద్ది మరీ జవాబిచ్చేవారు. ఆ సంగతి అప్పుడు నాకు తట్టలేదని రాయాలని ఉంది. తట్టింది.

ఆ సాయంత్రం మా ఆయన కాఫీ తేవడానికి కిందికి వెళ్లారు. నేను కిటికీ దగ్గర కూర్చుని గ్రూపుకి రాస్తున్నాను.

“బులెటినా?” అన్నారు మామయ్యగారు. “చదువు.”

నవ్వి చదివాను. “మామయ్యగారి ఆరోగ్యం నిలకడగా ఉంది.”

“ఆ మాట తీసెయ్యి.”

“ఏ మాట?”

“నిలకడ. ఆ మాట పడిందంటే తెలిసినవాడు దండకి పురమాయిస్తాడు. కోలుకుంటున్నారని కూడా వద్దు, నాలుగు రోజులకి మించి నిలవదు. ఇడ్లీ తిన్నారని రాయి. ఎన్ని తిన్నారో కూడా వెయ్యి. ఇడ్లీ అంటే జనం నమ్ముతారు.”

ఫోను నా ఒళ్లో పడిపోయింది. ఆయన గొంతులో కోపం లేదు. తన కింద పనిచేసే కొత్త టైపిస్టుకి పని చెబుతున్నట్టుంది.

“నా మూడో మంత్రిగారు ఆస్పత్రిలో పడ్డప్పుడు బులెటిన్లన్నీ నేనే రాశాను,” అన్నారు, ఆగి ఆగి ఊపిరి తీసుకుంటూ. “మొదటిరోజు స్వల్ప అస్వస్థత. రెండోరోజు కోలుకుంటున్నారు. మూడోరోజు గొట్టం వేశారు, ఇక నిలకడే. ఆ నిలకడ పదకొండు రోజులమ్మా. ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలో తేలేదాకా తీయనివ్వలేదు. రోజూ పొద్దున్నే లోపలికెళ్లి ఆయన మొహం చూసి, బయటికొచ్చి రెండు ఇడ్లీలు తిన్నారని రాసేవాణ్ణి. గొట్టం ఉన్న మనిషి ఇడ్లీ ఎలా తింటాడని ఒక్క విలేకరి అడగలేదు.”

కాసేపు కళ్లు మూసుకున్నారు.

“అప్పుడప్పుడు కళ్లు తెరిచేవారు. నన్నే చూసేవారు,” అన్నారు.

“మీకు తెలుసా మామయ్యగారూ?” అన్నాను. ఏం తెలుసా అని నేను చెప్పలేదు, ఆయన అడగలేదు.

“మొదటి వారమే. బుధవారం బుధవారం చెత్తడబ్బా రోడ్డు మీద పెట్టేది నేనే కదా. ఉండ చుట్టావుగాని చింపలేదు నువ్వు. అచ్చు మరీ చిన్నది, భూతద్దం పెట్టి చదివాను.”

తాతకు దగ్గులు నేర్పడం అంటే ఏమిటో నాకు ఆ క్షణాన తెలిసింది. ముప్పై ఏళ్లు అబద్ధాలు అందంగా అచ్చువేయించిన మనిషికి నేను లేబులు గీకి అబద్ధం చెప్పాను. ఏడుపొచ్చింది. ఆయన చెయ్యి ఎత్తి ఆపమన్నారు.

“వాడితో అనకు. వాళ్లమ్మప్పుడు వాడు చాలా నలిగిపోయాడు. నాకు తెలియదనుకుంటే వాడికి నిద్ర పడుతుంది. పట్టనీ.” మళ్లీ ఊపిరి అందుకుని, “ఒక్కటి మాత్రం నీకు చెబుతున్నాను. గొట్టం సంగతి వస్తే నన్ను అడగమను. ఇక్కడ మనిషినే అడుగుతారట, వాళ్లిచ్చిన పుస్తకంలో ఉంది. మిగతావన్నీ మీ ఇష్టం. అది మాత్రం వద్దని నా నోటితో నేను చెప్పుకుంటాను. సరేనా?”

డాక్టరు ఆ ప్రశ్న అడిగి అప్పటికి మూడు గంటలయింది.

“అలాగే మామయ్యగారూ,” అన్నాను.

నా పెద్ద అబద్ధం ఆయన్ని ఒక్కరోజు కూడా మోసం చెయ్యలేదు. మధ్యాహ్నం చెప్పిన చిన్న ముక్కని మాత్రం నమ్మేశారు. జబ్బు గురించి అబద్ధాలాడినా, ఎదురుగా కూర్చుని డాక్టరు అడిగిన ప్రశ్న మారుస్తానని ఆయన అనుకోలేదు. ఎంత పేషీలోనైనా అది చెయ్యరు కాబోలు.

మా ఆయన కాఫీతో వచ్చారు. మామయ్యగారు కళ్లతోనే నన్ను ఊరుకోమన్నారు. వెళ్లబోతుంటే వెనక్కి పిలిచి, “ఇంతకీ ఆ అధ్యక్షుడికి చివరికి చెప్పారా?” అన్నారు.

మిగతా పావుగంట నేను చూడలేదు. “చెప్పారు,” అన్నాను.

“అయితే ఫర్వాలేదు. మంచి పేషీయే,” అన్నారు.

బయటికి వచ్చేదారిలో నర్సుల డెస్కు ఉంది. అక్కడ ఆగి ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ అది చెప్పాలంటే ముందు నేను తప్పు చెప్పానని ఒప్పుకోవాలి. మా ఆయన పక్కనే ఉన్నారు. డెస్కు దగ్గరున్నామె ఫోనులో మాట్లాడుతోంది. ఆవిడ ఫోను పెట్టేదాకా ఆగలేకపోయానా? ఆగలేదు. గుడ్‌నైట్ అని చెయ్యి ఊపి లిఫ్టు ఎక్కాను.

కారులో మా ఆయనతో చెప్పేశాను. మామయ్యగారికిచ్చిన మాట తప్పాను, అయినా చెప్పాను. ఆయన ఒక గ్యాస్ స్టేషన్ పక్కన కారు ఆపేశారు. వైపర్లు ఆడుతూనే ఉన్నాయి.

“నాన్నకి అంతా తెలుసా?”

“తెలుసు. గొట్టం వద్దన్నారు. మనం వెనక్కి వెళ్లి చెబుదామండి.”

ఆయన స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చారు. పెళ్లయిన ఇరవై ఏళ్లలో నేను చూడటం అదే మొదలు. చాలాసేపటికి, “రేపు మార్నింగ్ రౌండ్స్‌కి ఇద్దరం వెళ్దాం. నేనే నాన్న పక్కన కూర్చుంటాను. నేనే అడుగుతాను. ఈ పూటకి నావల్ల కాదు,” అన్నారు. నేను సరేనన్నాను. ఒక్క పూటే కదా అనుకున్నాను.

పొద్దున్న ఐదున్నరకి ఫోన్ వచ్చింది. ఊపిరి అందలేదట. రికార్డులో అన్నీ చెయ్యమని ఉంది కాబట్టి గొట్టం వేశామని చెప్పారు.

మేం బయల్దేరుతుంటే మా అమ్మాయి మెట్ల మీద కూర్చుని ఉంది. బూట్ల తాడు కడుతూ, ఏదో ఒకటి మాట్లాడాలని, “ఆ ఎపిసోడ్‌లో చివరికి చెప్తారు కదూ?” అన్నాను.

“లేదమ్మా. చెప్పరు. ఎవ్రీబడీ థింక్స్ సమ్‌వన్ ఎల్స్ విల్. అలాగే ఎండ్ అయిపోతుంది,” అంది.

ఆ గొట్టం తొమ్మిది రోజులు ఉంది. నిమ్ము కూడా నిజంగానే చేసిందట, అది తగ్గితే చూద్దామని డాక్టర్లు ముందు మూడు రోజులన్నారు. తర్వాత ఇంకో మూడు. ఆయన చెప్పిన మాట డాక్టర్లకి చెప్పేద్దామని నేను రోజూ అనేదాన్ని. “వెయ్యకముందు ఒక సంగతి. ఇప్పుడు తీసెయ్యమని నా నోటితో నేనెలా చెప్పను? ఇంకా ఒక్క రెండ్రోజులు,” అనేవారు మా ఆయన. నేను మళ్లీ తలూపాను. నాకు తలూపడం బాగా వచ్చు.

గొట్టం పీకేసుకోకుండా మామయ్యగారి చేతులకి గుడ్డ తొడుగులు తొడిగారు. నిద్రమందు పలచబడినప్పుడు కళ్లు తెరిచేవారు. అలా రెండుసార్లు నేను ఎదురుగా ఉండగా తెరిచారు. నన్నే చూశారు. ఆ చూపులో ఏముందని నన్ను ఎవరూ అడగకండి. గ్రూపులో మాత్రం రోజూ రాశాను. ఇడ్లీ అని రాయడానికి చెయ్యి రాలేదు. నిలకడగా ఉంది అని రాశాను. చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి.

తొమ్మిదో రోజు సాయంత్రం గొట్టం తీశారు, ఆ రాత్రి కాకముందే పోయారు. ఆ ఉదయం సంగతి చెప్పి ఆపేస్తాను.

ఆ ఉదయం కుటుంబంతో మాట్లాడాలని ఐ.సి.యు. డాక్టరు పిలిచాడు. వేరే గదిలో కాదు, ఆయన మంచం పక్కనే. నర్సు, మొదట్లో నేను వద్దన్నలాంటి ఇంటర్‌ప్రెటర్ ఫోను తెచ్చి దిండు దగ్గర పెట్టింది. మాకు ఇంగ్లీషు వచ్చు కదా అన్నారు మా ఆయన. “మీకు కాదు, ఆయనకి. వినబడుతుందేమో ఎవరికి తెలుసు? ఆయన గురించి మాట్లాడుకునేది ఆయన భాషలో ఉండాలి,” అంది ఆవిడ. ఆయన చెవిమిషను తెమ్మని అడిగి, తనే పెట్టింది. ఈ తొమ్మిది రోజుల్లో దాన్ని పెట్టాలని మా ఇద్దరికీ తోచలేదు.

ఫోనులో ఒక మగగొంతు పలికింది. నెల్లూరు వైపు మాట. ఎక్కడ కూర్చున్నాడో ఏమో.

“నమస్కారమండి. ఈ గదిలో ఎవరు ఏది మాట్లాడినా ఉన్నదున్నట్టు అనువదిస్తానండి. ఏదీ కలపను, ఏదీ తీసెయ్యను.”

డాక్టరు మాట్లాడాడు. ఆ గొంతు కాన్సర్ అనే మాటని కాన్సర్ అనే చెప్పింది. మందు పనిచెయ్యలేదని చెప్పింది. గొట్టం తీస్తే ఆయన బతకరని, ఉంచినా కోలుకోరని చెప్పింది. దాదాపు ఏడు వారాలుగా మా ఇంట్లో ఎవరి నోటా రాని తెలుగు వాక్యాలు అవి. ఆయన దిండు పక్కన ఒక్కొక్కటిగా వినబడుతుంటే, ఇంత తేలికైన మాటలా అనిపించింది.

“ఇలాంటి పరిస్థితి వస్తే తనకి ఏం కావాలో ఆయన ఎప్పుడైనా చెప్పారా అని డాక్టరుగారు అడుగుతున్నారండి.”

మా ఆయన నేలచూపులు చూశారు.

“చెప్పారు,” అన్నాను. ఆయనకి వినబడాలని తెలుగులోనే అన్నాను. “గొట్టం వద్దన్నారు.”

“ఎప్పుడు చెప్పారు అంటున్నారండి.”

“వార్డు డాక్టరు అడిగిన రోజే. సాయంత్రం.”

డాక్టరు కంప్యూటరులో వెనక్కి వెళ్లి చదివాడు. తర్వాత చాలా మెల్లిగా అడిగాడు.

“ఆ రోజు మధ్యాహ్నం ఆయన అన్నీ చెయ్యమన్నట్టు రికార్డులో ఉందటండి. అప్పుడు అనువాదం చేసింది ఎవరని అడుగుతున్నారు.”

గుడ్డ తొడుగు మీదనుంచే మామయ్యగారి చెయ్యి పట్టుకున్నాను.

“నేనే,” అన్నాను. “ఆ డాక్టరు అడిగింది నేను ఆయనకి చెప్పలేదు. వేరే ఏదో అడిగాను.”

ఆ గొంతు తడబడలేదు. నేను అన్నదంతా, నేనే అన్నట్టుగా, డాక్టరుకి ఇంగ్లీషులో చెప్పింది. ఏదీ కలపలేదు, ఏదీ తీసెయ్యలేదు.